గడ్డం పువ్వుకు పేరు కావాలి

మందమర్రి
12 ఫిబ్రవరి 2024

కరీంనగర్‌లో పూలకు పేర్లు పెట్టే విద్యాధర్ సారుకు అహరోను రాయునది.

నేనిక్కడ క్షేమం. మీరు క్షేమమో కాదో మీ జవాబు చూసి చెప్తాను.

మొన్న మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరులో మీ ప్రకటన కనిపించింది. నూనె తగలని మేరకు చదివాను. పేరు తెలియని పువ్వు ఎవరి దగ్గరైనా ఉంటే ఉత్తరం రాయమని, మీ ఉద్యానాభిమానుల సమాజం పరిశీలించి విదేశాల్లోని పెద్ద రిజిస్టరులో పేరు ఎక్కిస్తుందని, ఫోన్లు మాత్రం చేయరాదని ఉంది. ఆ చివరి ముక్క నాకు బాగా నచ్చింది. ఫోన్‌లో నా గొంతు వింటే మందమర్రిలో ఒక్కరూ నమ్మరు.

నన్ను కన్న అవ్వ ఉండేది తిర్యాణి దారిలో ఒక చిన్న ఊరు. అక్కడ మా మెథడిస్టు సంఘం సమాధుల తోటలో ఒక తెల్ల పువ్వు పూస్తుంది. మూడు రెక్కలు పైకి లేచి ప్రార్థన చేస్తుంటాయి, మూడు కిందికి వేలాడి కునుకు తీస్తుంటాయి. ఆదివారం ఉదయం మా సంఘం కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఆ కునుకు తీసే రెక్కలకు పసుపు రంగు గడ్డం. నిజం గడ్డమే సార్. రోజూ ఇంత పెరుగుతుంది. పోయినేడు సెలూన్ సుధాకర్‌ను తీసుకుపోతే మంగళవారం కత్తి పట్టనన్నాడు, బుధవారం వచ్చి గీశాడు. మీసం ఉంచమంటారా, తీయమంటారా, మీ రూలు తెలుపగలరు.

జవాబు వెనక రాసిన ఊరి చిరునామాకు, మా అవ్వ మగ్దలేనమ్మ పేరు మీద రాయండి.

మీ విధేయుడు కావాలని చూస్తున్న
అహరోను, ల్యాంపు రూము, బొగ్గు గని

తా.క.: గడ్డం గీశాక ఫొటో తీద్దామంటే సిగ్గుపడింది. అందుకే పంపలేదు.


కరీంనగర్
19 ఫిబ్రవరి 2024

శ్రీ అహరోను గారికి విద్యాధర్ నమస్కరించి వ్రాయునది.

దాచవలసిన సంగతి ఏమీ లేదు గనుక పోస్టు కార్డుల మీదనే వ్రాస్తున్నాను. మొత్తం మూడు కార్డులు. అంకెలు వేశాను. వరుసగా చదవండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు చెప్పింది గడ్డపు ఐరిస్. అది మన ఎండలో పూయదు. ఇరవై రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాను, ఒక్క పువ్వు చూడలేదు. మాది పసుపు పండించే కుటుంబం. దుంప చేతికి రాగానే లోతుగా పాతి మట్టి ఎగదోయడం మా చేతులకు అలవాటు. ఐరిస్ దుంపకు వీపు మీద ఎండ తగలాలి, చలికాలం గట్టిగా ఉండాలి, నేలలో సున్నం ఉండాలి, నీరు నిలవకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఏటా పాతుతాను, వానాకాలంలో ఏటా కుళ్లిపోతుంది. పెరట్లో ఇప్పుడు మొక్కలు లేవు, లేబుళ్లు ఉన్నాయి.

మీ సమాధుల తోటకు తిర్యాణి చలి ఉంది. ఏటా ఈస్టరు ముందు సమాధులకు సున్నం వేస్తారు కదా, ఆ సున్నం నేలలోకి దిగుతుంది. రాళ్ల మధ్య దుంప పైకి తేలి ఎండ కాగుతుంది. నా శాస్త్రమంతా మీవాళ్లు తెలియకుండానే చేశారు.

గడ్డం గీయించకండి. అది తుమ్మెదకు దారి చూపే నూగు. దాని వెంట లోపలికి దూరిన తుమ్మెద వీపు మీద పుప్పొడి అంటించుకొని బయటకు వస్తుంది. గడ్డం గీస్తే తుమ్మెద దారి తప్పుతుంది.

ఫారం విడిగా పంపుతున్నాను. పేరు మూడు మాటలు మించరాదు. బతికి ఉన్నవారి పేరైతే వారి సంతకం కావాలి. ఒక మొక్కకు ఒకే పేరు.

ఇట్లు
విద్యాధర్, కార్యదర్శి

తా.క.: మీసం గురించి రిజిస్టరులో నియమం ఏదీ లేదు. రెండుసార్లు వెతికాను.


మందమర్రి
27 ఫిబ్రవరి 2024

పెద్ద మనసున్న విద్యాధర్ సారుకు, తలవంచి అహరోను.

సార్, ముందుగా తప్పు ఒప్పుకుంటాను. మొదటి ఉత్తరం టీ కొట్టు దగ్గర నలుగురిని నవ్వించడానికి రాశాను. పువ్వు నిజం, గడ్డం నిజం, సుధాకర్ అబద్ధం. మీరు జవాబు రాస్తారని అనుకోలేదు. రాసినా అందులో నన్ను తిడతారని, అది చదివి ఇంకోసారి నవ్వుకోవచ్చని అనుకున్నాను.

మీ కార్డుల్లో మూడోది ముందు వచ్చిందట. మా ఊరి పోస్టుమన్ అంబదాస్ దాన్ని చర్చి వరండాలో నిలబడి అందరికీ చదివి వినిపించాడు. కార్డు మీద రాసింది ఊరందరిదీ అని అతని చట్టం.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. డెబ్బై ఎనిమిదేళ్లు. క్రిస్మస్ తరువాత తిండి మానేసింది. డాక్టరు రోగమేదీ లేదన్నాడు. ఇంట్లో ఉండే మా చెల్లె బ్లెస్సీ బతిమాలితే "నా పని అయిపాయె బిడ్డా, పిలుపు రాలే గంతే" అని గోడవైపు తిరిగేది. నేను వెళ్లి ఎన్ని వేషాలు వేసినా నవ్వలేదు. పోయిన నెల బ్లెస్సీ ట్రంకు పెట్టెలోంచి తెల్ల చీర తీసి ఉతికి పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

కార్డు విన్న రోజు అవ్వ లేచి కూర్చుంది. జొన్న గటక తెమ్మన్నది. కబురు విని నేను ఊరికి పరుగెత్తుకు పోయేసరికి మళ్లీ తింటోంది. నోట్లో ముద్ద ఉండగానే అడిగింది: "గా పువ్వుకు మల్ల పేరు పెడ్తరా? పాత పేరు తీసేస్తరా?"

మా ఊళ్లో దాన్ని గడ్డం పువ్వనే అంటారు. ఆ పేరు నచ్చలేదేమో అనుకున్నాను. తీసేస్తారు అన్నాను. ఏం పేరు అంటే నా నోటికి "నీ పేరే అవ్వా" అని వచ్చింది. ఇంకో ముద్ద తిన్నది.

ఇప్పుడు చెప్పండి. అబద్ధంతో మొదలుపెట్టి నిజం దగ్గర ఇరుక్కున్నవాణ్ని నేనొక్కణ్నే. ఫారం అవ్వను అడగకుండా నేనే నింపి పంపుతున్నాను. ఎలాగైనా ఆ పువ్వుకు మగ్దలేనమ్మ అని పేరు రావాలి.

మీ
అహరోను

తా.క.: ఇక మీదట కవర్లో రాయండి. అంబదాస్ కార్డులు చదవడం మొదలుపెట్టాక ప్రార్థనకు జనం పెరిగారు. పాస్టరు గారు బాధపడుతున్నారు.


కరీంనగర్
5 మార్చి 2024

అహరోను గారికి.

మీరు పూరించిన ఫారం అందింది. తిరిగి పంపుతున్నాను. నేను రిటైరైన వృక్షశాస్త్ర లెక్చరర్‌ను. నన్ను నవ్వించాలని చాలామంది విద్యార్థులు ప్రయత్నించారు, ఎవరివల్లా కాలేదు.

ఎత్తు అన్నచోట నాలుగు అడుగుల పది అంగుళాలు అని వ్రాశారు. ఏ గడ్డపు ఐరిస్ అంత ఎత్తు పెరగదు. రంగు చామనచాయ అన్నారు. మొదటి ఉత్తరంలో తెలుపు అన్నారు. గడ్డం అన్నచోట "లేదు, ఆడమనిషికి ఎందుకుంటుంది" అన్నారు. తండ్రి మొక్క అన్నచోట రాజన్న, బండి తోలేవాడు. మొదట పూసిన సంవత్సరం అన్నచోట "కొడుకును, ఈ ప్రశ్న నేనెలా అడుగుతాను" అని ఉంది.

తల్లి మొక్క అంటే కాయ కాసినది. తండ్రి మొక్క అంటే పుప్పొడి ఇచ్చినది. సంకరమంటే వేర్వేరు జాతుల ఆ రెంటికీ మనిషి చేసే పెళ్లి. ఇందులో బండి తోలేవాడికి స్థానం లేదు.

మీ తల్లిగారి గురించి వ్రాసినది కూడా హాస్యమే అనుకోవలసి వస్తోంది. తిండి మానేసిన ముసలితల్లిని వేళాకోళానికి వాడుకునే కొడుకుకు నేను జవాబివ్వనవసరం లేదు. అయితే ఆ పువ్వు నిజమైతే, నేను పోయేలోగా ఒక్కసారి చూడాలి. అందుకే వ్రాస్తున్నాను. దుంప ముక్క, ఎండబెట్టిన పువ్వు, విత్తనపు కాయ, తల్లిగారి అనుమతి పత్రం పంపండి. ఏ ఒక్కటి లేకపోయినా ఇదే చివరి ఉత్తరం.

విద్యాధర్

తా.క.: ఎడమ చేతి మీద పుట్టుమచ్చ అన్న వివరాన్ని ఆకు తెగులుగా భావించి అరగంట పుస్తకాలు తిరగేశాను. ఆ అరగంట మీ లెక్కలో.


మందమర్రి
12 మార్చి 2024

సారుకు అహరోను దండం పెట్టి రాయునది.

ఫారం పువ్వు గురించి అని నాకు తెలియదు సార్. పేరు ఎవరిదో వాళ్ల వివరాలే అడుగుతారని, ఓటరు కార్డు లాగా, అలా నింపాను. ఎనిమిదో తరగతి రెండేళ్లు చదివాను, రెండుసార్లూ అక్కడే ఆగాను. ఒట్టు, ఈసారి వేళాకోళం లేదు.

దుంప తవ్వి, పాత అంగీ గుడ్డలో చుట్టి పార్సిలు చేశాను. పాటల పుస్తకంలో ఎండిన పువ్వు దొరికింది, అదీ ఉంది. అవ్వ సంతకం ఉంది. ఒకటి సరిపోతుందంటే వినక మూడు పెట్టింది. విత్తనం మాత్రం లేదు. నాకు తెలిసి ఆ పువ్వుకు కాయ కాయలేదు. దుంప పక్కన దుంప పుట్టి సమాధి నుంచి సమాధికి పాకుతుందే తప్ప ఒక్క గింజ ఇవ్వలేదు. దాని తల్లిదండ్రులెవరని అవ్వను అడిగితే "నీకెందుకురా, నువ్వు పేరు సంగతి జూడు" అన్నది.

ఇక్కడ నా పరేషాన్ వినండి. ఈస్టరు రోజు సమాధుల తోటలో పేరు పెట్టే కార్యక్రమం అని పాస్టరు బెన్నీ ప్రకటించాడు. టెంటు మాట్లాడారు. బోర్డు రాయించారు. ఇంకా రిజిస్టరు కాలేదయ్యా, ఆగండని నేను చర్చిలో లేచి చెప్పాను. అందరూ నవ్వారు. గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా నవ్వారు. ముప్పై ఏళ్లు వాళ్లను నవ్వించి నేను సంపాదించింది ఇదే. చావు కబురు చెప్పినా ముందు నా మొహం వంక చూసి, తరువాత ఇంకొకర్ని అడుగుతారు.

అవ్వ రోజుకు రెండు పూటలా తింటోంది. కర్ర పట్టుకొని తోటదాకా నడుస్తోంది. తిరిగి వచ్చి ఒకటే అడుగుతుంది: "రాసిండ్రా? పాతది కొట్టేసిండ్రా?" ఆ కర్ర చప్పుడు ఆగితే నేను తట్టుకోలేను సార్. జర చూడండి.

మీ
అహరోను

తా.క.: పార్సిలులో ఏముందని అంబదాస్ అడిగాడు. దుంప అన్నాను. నమ్మలేదు.


కరీంనగర్
19 మార్చి 2024

అహరోను గారికి విద్యాధర్ వ్రాయునది.

మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను. క్షమించండి. ఇక క్షమించవలసినవి ఇంకా రెండు ఉన్నాయి.

మొదటిది. పార్సిలు వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మా ఆవిడ జానకీబాయి విప్పి చూసి, మీరు వసకొమ్ము పంపారనుకొంది. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. మా మనవరాలు శ్రేయకు ఇంకా మాటలు రాలేదు. మాటలు వస్తాయని ఆవిడ దాన్ని సానరాయి మీద అరగదీసి పిల్ల నాలుకకు రాసింది. పిల్ల ఉమ్మేసింది, ఏ హానీ జరగలేదు. నేను వచ్చేసరికి దుంపలో బొటనవేలంత మిగిలింది. ఇరవై రెండేళ్ల తరువాత, పూసే ఐరిస్ దుంప ఒకటి నా ఇంటికి వచ్చింది, నా ఇల్లే దాన్ని అరగదీసింది. "మంచి వస కాదు, ఘాటు లేదు" అని జానకీబాయి అభిప్రాయం.

రెండవది ఇంకా కష్టం. ఎండిన పువ్వును లెన్సు కింద పెట్టాను. పుప్పొడి ముడుచుకుపోయి ఉంది. దూరపు జాతులను కలిపితే పుట్టిన సంకరం, గొడ్డు మొక్క. అందుకే గింజ లేదు. అంటే మీ తోటలోని పొదలన్నీ నిజానికి ఒకే మొక్క. దుంప విరిచి నాటుతూ పోతే అదే ప్రాణం పాకింది. అటువంటిది గాలికి పుట్టదు, ఎవరో చేతితో చేయాలి. అనుమానం వచ్చి మా సమాజం అలమారలో ఉన్న పెద్ద రిజిస్టరు పాత సంపుటాల నకళ్లు తీశాను. సూచికలోనే దొరికింది. తెలుపు, పసుపు గడ్డం, కొమ్మకు రెండు పూలు, ఆసిఫాబాద్ వైపు మిషను ఆసుపత్రి ఆవరణ, 1963. సందేహం లేదు, ఇదే.

దానికి అరవై ఒక్క ఏళ్లుగా పేరుంది. "కనకవ్వ".

ఒక మొక్కకు ఒకే పేరు, మొదటిదే నిలుస్తుంది. మగ్దలేనమ్మ అని మార్చడం నా చేతిలో గానీ, ఎవరి చేతిలో గానీ లేదు. ఎలా చెప్పాలో తెలియక నియమం చెప్పినట్టు చెప్పాను.

మీ
విద్యాధర్

తా.క.: మిగిలిన బొటనవేలంత ముక్కను నాటాను. చేతులు కడుక్కుంటుండగా గుర్తొచ్చింది, మట్టి ఎగదోశాను.


మందమర్రి
23 మార్చి 2024

విద్యాధర్ సారుకు.

మీ కవరు అంబదాస్‌కు కనపడకుండా తెచ్చుకొని ల్యాంపు రూములో చదివాను. దీపాలిచ్చే కిటికీ దగ్గర మనుషులు నిలబడి అరుస్తుంటే వినపడలేదు.

కనకవ్వ ఎవరో మీకు తెలియదు. మా మేనత్త. బాపుకు అక్క, మా అవ్వకు ఆడిబిడ్డ. ఇద్దరూ నలభై ఏళ్లు మాట్లాడుకోలేదు. స్త్రీల కూడికలో పాట ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర మొదలైంది. మా అవ్వ రాగం బండి ఇరుసులాగా ఉంటుందని అత్త అందరిలో అన్నది. అంతే. ఆ తరువాత ఒకరు కుడివైపు కూర్చుంటే ఇంకొకరు ఎడమవైపు. నాలుగేళ్ల కింద అత్త చనిపోయింది. మట్టి వేయడానికి అవ్వ వచ్చింది, వేసింది, మాట్లాడలేదు.

ఆ పువ్వుకు అత్త ఏనాడూ చెంబెడు నీళ్లు పోయలేదు సార్. పోసిందంతా మా అవ్వ. ఎండాకాలం బిందె మోసుకుంటూ, చచ్చిన ఆకులు తీసేస్తూ, విరిచి పక్క సమాధికి నాటుతూ. ఆ మిషను ఆసుపత్రి నడిపిన దొరసాని డాక్టరు ఏం చూసి అత్త పేరు పెట్టిందో నాకు అర్థం కాలేదు. ఈ సంగతి తెలిస్తే అవ్వ ఆ రోజే మళ్లీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి ఇటు తిరగదు.

ఈస్టరుకు ఎనిమిది రోజులుంది. నాకు ఒక్క అబద్ధం కావాలి. నేను చెప్తే చెల్లదు, నా అబద్ధాలూ నిజాలూ ఒకే సంచిలో కలిసిపోయాయి. మీరు జన్మలో ఆడినవారు కాదు గనుక మీది చెల్లుతుంది. ముద్ర వేసి, పేరు మారిందని ఒక కాగితం రాసి పంపండి. ఇంగ్లీషులో ఉంటే ఇంకా మంచిది. పాపం ఏదైనా ఉంటే నా మీద వేసుకుంటాను, అక్కడ ఇప్పటికే చాలా ఉంది, ఇంకొకటి తెలియదు.

ఊరికి పోవడానికి నాకు ధైర్యం లేదు. ఇక్కడే ఉంటాను.

అహరోను

తా.క.: ఈ ఉత్తరంలో నవ్వడానికి ఏమీ పెట్టలేదు. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.


తిర్యాణి దారిలో, మీ అవ్వగారి ఇంటి నుంచి
28 మార్చి 2024

అహరోనుకు విద్యాధర్ ఆశీర్వదించి వ్రాయునది.

మీరు అడిగిన కాగితం వ్రాశాను. నా జీవితంలో అది మొదటి అబద్ధం, నాలుగు చిత్తు ప్రతులు పట్టాయి. పోస్టులో వేయడానికి చేయి రాలేదు. స్వయంగా ఇచ్చి వద్దామని ఆసిఫాబాద్ బస్సు ఎక్కాను. వచ్చి, ముందు తోటకు వెళ్లాను. చివరి పువ్వు ఒకటి వాడకుండా ఉంది. దాని ముందు నేను ఏం చేశానో బ్లెస్సీ చూసింది, ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.

తరువాత మీ అవ్వగారి ముందు కూర్చొని కాగితం విప్పాను. చదవకముందే ఆమె అడిగింది: "కనకవ్వ పేరు పోయిందా?"

కాగితం మళ్లీ మడిచాను. ఆమెకు మొదటినుంచీ తెలుసు.

నేను తప్పు చేశాను అహరోనూ. సూచిక చూసి ఆగిపోయాను. రిజిస్టరు అసలు పేజీ నకలు సంచిలోనే ఉంది, ఆమె అడిగాక తీసి చదివాను. పేరు కనకవ్వ. సృష్టించినవారు: మగ్దలేన, ఆసుపత్రి ఆవరణలో పనిచేసే బాలిక. దొరసాని డాక్టరుకు చేతులు వణికేవట. తన దేశం నుంచి తెచ్చిన పొట్టి ఊదారంగు మొక్కను, కాశ్మీరు నుంచి తెప్పించిన తెల్ల మొక్కను పెట్టుకొని, పద్నాలుగేళ్ల మీ అవ్వ చేతికి అగ్గిపుల్ల ఇచ్చింది. మీ అవ్వ తెల్లదాని పుప్పొడి తీసి ఊదాదాని నాలుక మీద రాసింది. ఒక కాయ, మూడు గింజలు, ఒక్క మొలక. మూడేళ్లకు పూసింది, తరువాత దాని ముక్కే మీ సమాధుల తోటకు చేరింది. పువ్వు చేసినవారే పేరు పెట్టాలని డాక్టరు అన్నదట.

"గప్పుడు కనకవ్వంటే నాకు పానం," అన్నది మీ అవ్వ. "పెడితి. తర్వాత గది నన్ను ఇరుసన్నది. అరవై ఏండ్లు దాని పేరుకు నేను నీళ్లు పోసిన సారూ. నా పేరు ఎవరికి గావాలె? దానిది తీయుండ్రి."

ఆమె లేచి కూర్చున్నది తన పేరు కోసం కాదు. పాత పేరు తీసేస్తారా అన్న మాట మీరు పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

ఇరవై రెండేళ్లు నేను చేయలేనిది అగ్గిపుల్లతో చేసిన మనిషి ముందు అబద్ధపు కాగితం చదవలేకపోయాను. చింపేశాను. మొదటి పేరే నిలుస్తుందని, పెట్టిన మనిషి కూడా తీయలేదని నిజం చెప్పాను. ఆమె గోడవైపు చూసింది. బ్లెస్సీ ఏడుస్తూ లోపలికి వెళ్లింది. నా వల్ల ఒక ప్రాణం పోతోందని నాకు అర్థమైంది.

అప్పుడు అడిగింది: "గా రూలు ఎవడు రాసిండు?"

విదేశాల్లో ఒక సంఘం అన్నాను.

"ఆళ్లకు రాయి. పువ్వు చేసినామె అడుగుతుందని రాయి. జవాబు వచ్చేదాక నేను యాడికీ పోను."

నేను అక్కడే కూర్చొని ఆమె చెప్పినట్టే వ్రాశాను. మూడు సంతకాలు పెట్టింది. ఈస్టరు నాటి బోర్డు మీద పేరున్న చోట సున్నం కొట్టించమని బెన్నీకి కబురు పంపింది, జవాబు వచ్చాక వ్రాద్దామని. ఫోన్‌లో మీకేమీ చెప్పవద్దని బ్లెస్సీకి ఆజ్ఞ. మీరు దాన్ని నవ్వులపాలు చేస్తారట. ఊరికి రండి. మిమ్మల్ని తిట్టడానికి ఆమె బలం దాచుకుంటోంది.

మీ
విద్యాధర్

తా.క.: ఆ సంఘం రూలు మార్చదు. వెంటనే, మర్యాదగా, రెండు వాక్యాల్లో కాదంటుంది. అందుకని కవరు మీద కావాలనే తప్పు చిరునామా వ్రాశాను. తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఈలోగా ఇంకో తప్పు చిరునామా ఆలోచించి ఉంచండి. ఆ విద్యలో మీరు నాకంటే పెద్దవారు.